ఒంటరి నడకకు తేలికపాటి గుడారాన్ని ఎంచుకోవడం ఎలా?

హిమాచల్ ప్రదేశ్‌లో హంప్తా కనుమకు వెళ్లే దారిలో బాలూ కా ఘేరా అనే మజిలీ ఉంది. సుమారు 3,600 మీటర్ల ఎత్తున, రెండు వైపులా నిటారు కొండల నడుమ, ఏటి పాయల పక్కన ఇసుక మేటలు వేసిన చోటు అది. కొన్నేళ్ల క్రితం ఆగస్టులో ఒక రాత్రి అక్కడ నేను ఒంటిపొర నైలాన్ గుడారంలో పడుకున్నాను. దాని బరువు 700 గ్రాముల లోపే ఉండేది. కొనేటప్పుడు నేను చూసుకున్నదీ ఆ అంకె ఒక్కటే. అర్ధరాత్రి దాటాక కాళ్లు చల్లబడి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే, సాయంత్రం బిగుతుగా లాగి కట్టిన బట్ట తడికి సాగిపోయి, కాళ్ల దగ్గర స్లీపింగ్ బ్యాగ్ మీద వాలి ఉంది. లోపలి వైపంతా ఆవగింజలంత నీటి చుక్కలు వరుసగా నిలిచి, వేలు తగిలిన చోటల్లా చారలుగా కిందికి జారుతున్నాయి. పైన నడికప్పు కుట్టులోంచి మాత్రం వాన నీరే ఒక్కో బొట్టుగా పడుతోంది. ఆ కుట్టుకు కొన్నవాళ్లే సీలెంట్ (సందులు మూసే జిగురు) పూసుకోవాలని అమ్మినవారు చెప్పలేదు, నేనూ అడగలేదు. తెల్లవారేసరికి ఈకల స్లీపింగ్ బ్యాగ్ కాళ్ల వైపు తడిసి ముద్దయింది. ఆ రోజు దాటవలసిన కనుమ అక్కడికి ఇంకా 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది.

ఆ తరువాత గుడారాలు మార్చాను, మిత్రులకు కొనడంలో సాయపడ్డాను. బరువు అనే ప్రశ్నను అన్నిటికన్నా చివర అడగాలన్నది ఇన్నాళ్లకు నాలో స్థిరపడిన అభిప్రాయం. ఎక్కడ పడుకుంటాము, ఏ నెలలో పడుకుంటాము, మన ఒంటి కొలతలేమిటి అన్నవి ముందు తేలితే, మిగిలే గుడారాలు నాలుగైదుకు మించవు. వాటిలో తేలికైనదాన్ని తీసుకోవచ్చు. సాధారణంగా క్రీడా సామగ్రి దుకాణాల్లో దొరికే ఇద్దరి డోమ్ టెంటు రెండున్నర కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. మేకులు, తాళ్లు, సంచి అన్నీ కలుపుకుని కిలో లోపు తూగే ఒకరి గుడారాన్ని ఈ వ్యాసంలో తేలికపాటిదిగా లెక్కిస్తున్నాను.

ఎక్కడ, ఏ నెలలో

ఇంటర్నెట్‌లో కనిపించే గుడారాల సమీక్షల్లో పెద్ద భాగం అమెరికా పడమటి తీరాన పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడిచేవారు రాసినవి. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో వేసవి పొడిగా ఉంటుంది, వాన అరుదు, రాత్రి గాలిలో తేమ తక్కువ. అటువంటి చోట ఒంటిపొర గుడారం చక్కగా పనిచేస్తుంది. కాబట్టి వారి మెప్పుకోలు అబద్ధం కాదు. అక్కడ స్థిరపడి వారాంతాల్లో ఆ కొండలు ఎక్కే మన తెలుగువారికి ఆ సలహా నేరుగా పనికివస్తుంది కూడా. అదే సలహాను ఆగస్టు నాటి కుల్లూ లోయకో, డిసెంబరు నాటి పాడేరు కొండలకో యథాతథంగా తెచ్చుకుంటే మాత్రం నాకు జరిగినట్టే జరుగుతుంది.

మన తూర్పు కనుమల్లో నడకకు అనువైన కాలం చలికాలం. లంబసింగిని స్థానికులు కొర్రబయలు అని కూడా అంటారు. ఆరుబయట ఉన్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. అక్కడ రాత్రి వాన భయం దాదాపు ఉండదు. బాధంతా మంచుతోనే. ఆకాశం తేటగా ఉన్న రాత్రి గుడారపు పైబట్ట తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. దాంతో బయటి వైపు మంచు, లోపలి వైపు మన ఊపిరిలోని ఆవిరి రెండూ దాని మీదే నీరుగా మారతాయి. ఒక మనిషి ఊపిరి ద్వారా రాత్రంతా వదిలే నీరు దాదాపు ఒక గ్లాసెడు ఉంటుంది. ఇక వాన తగ్గీ తగ్గని రోజుల్లో దోమలు, పడమటి కనుమలకు వెళితే జలగలు ఉంటాయి కాబట్టి, నేల దాకా జిప్పుతో మూసుకునే దోమతెర లేని టార్పులను (పైకప్పుగా మాత్రమే కట్టే పట్టాలను), అవి ఎంత తేలికైనా, మన ప్రాంతాలకు నేను సిఫారసు చేయను.

హిమాలయాల్లో ఒకే దారి రెండు వాతావరణాల గుండా పోవచ్చు. హంప్తా అందుకు మంచి ఉదాహరణ. సుమారు 4,270 మీటర్ల ఆ కనుమకు ఇటు కుల్లూ వైపు పచ్చిక, చినుకు, బురద. అటు లాహౌల్ వైపు షియాగోరు దగ్గర వాన నీడలో పొడి నేల, చల్లని ఈదురుగాలి. లడాఖ్‌లోని మార్ఖా లోయలో వాన తక్కువే గానీ గాలి, దుమ్ము, మేకు దిగని రాతి నేల పరీక్ష పెడతాయి. అందుచేత రాబోయే రెండేళ్లలో మీరు నిజంగా వెళ్లదలచుకున్న చోట్లను, నెలలను ముందుగా కాగితం మీద రాసుకోండి. ఎప్పుడో వెళ్దామనుకునే ఎవరెస్టు బేస్ క్యాంపు కోసం హిమపాతాన్ని తట్టుకునే బరువైన గుడారం కొని, ఏటా అరకు కొండల్లో దాన్ని మోసేవారిని చూశాను.

ఒకటి పొరా, రెండు పొరలా

ఒంటిపొర గుడారంలో వాన ఆపే బట్టే గోడ. రెండు పొరల దానిలో లోపల దోమతెర గది, బయట వాన ఆపే ఫ్లై ఉంటాయి. రెండో పొర వల్ల ఫ్లై మీద నీరు చేరడం ఆగిపోదు. ఆ నీటికీ మీకూ మధ్య తెర అడ్డుగా ఉంటుంది, అంతే. మెలకువలో చెయ్యి విదిలించినా, నిద్రలో దొర్లినా తడి బట్ట ఒంటికి తగలదు. ఈ ఒక్క సౌకర్యానికి సాధారణంగా 200 నుంచి 300 గ్రాములు అదనంగా మోయాలి. మన వాతావరణాల్లో నడిచే చాలామందికి, ముఖ్యంగా మొదటిసారి కొనేవారికి, ఆ బరువు మోయడమే మంచిదని నా గట్టి నమ్మకం. ఈకల స్లీపింగ్ బ్యాగ్ తడిస్తే దాని వెచ్చదనం పోతుంది, అక్కడ దాన్ని ఆరబెట్టే ఎండ దొరకకపోవచ్చు. 300 గ్రాములు ఆదా చేయబోయి ఒక కిలో బరువున్న స్లీపింగ్ బ్యాగ్‌ను పనికిరాకుండా చేసుకోవడం సరైన లెక్క కాదు.

రెండు పొరలు ఉన్నా గాలి ఆడే మార్గం చూసుకోవాలి. ఫ్లై అంచు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉండి, పైన టోపీలాంటి మూతతో ఒక కిటికీ ఉంటే, కింద చల్లగాలి లోపలికి వచ్చి పైనుంచి ఆవిరిని తీసుకుపోతుంది. అంచు నేలను పూర్తిగా తాకే గుడారాలు దుమ్మునూ గాలినీ బాగా ఆపుతాయి గానీ తేమను లోపలే ఉంచుతాయి. తాళ్ల పొడవు మార్చి అంచును ఎత్తడానికీ దించడానికీ వీలున్న నమూనా దొరికితే అది రెండు చోట్లకూ పనికివస్తుంది.

బట్ట ఏది

వివరాల పట్టికలో 15డీ, 20డీ అని ఉండేది డెనియర్. 9,000 మీటర్ల నూలుపోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్యే డెనియర్. అంటే 20డీ అన్నప్పుడు తొమ్మిది కిలోమీటర్ల పోగు కేవలం 20 గ్రాములు. ఇంత సన్నని పోగుతో నేసిన బట్ట గట్టిగానే ఉంటుంది కానీ ముల్లునూ నిప్పురవ్వనూ తట్టుకోదు. తుమ్మ చెట్ల కింద, చలిమంట పక్కన దీన్ని వేయకూడదు.

సిలికాన్ పూసిన నైలాన్‌ను సిల్‌నైలాన్ అంటారు. చిరుగుకు బాగా ఓరుస్తుంది; అయితే నైలాన్ నీటిని పీల్చి సాగుతుంది. రాత్రి లేచి తాళ్లు మళ్లీ బిగించవలసి రావడం దీనితో వచ్చే ఇబ్బంది. పాలియెస్టర్‌కు అదే పూత పూస్తే సిల్‌పాలీ. ఇది తడిసినా దాదాపు సాగదు, ఎండకు నైలాన్ కన్నా నెమ్మదిగా పాడవుతుంది. చిరిగే బలంలో మాత్రం కాస్త తక్కువ. వానలో వేసిన గుడారం తెల్లారినా వేసినట్టే ఉండాలనుకునే నాకు సిల్‌పాలీయే నచ్చింది.

మూడోది డైనీమా మిశ్రమ బట్ట. నడకవారు దీన్ని డీసీఎఫ్ అంటారు, పాతవారు క్యూబెన్ అంటారు. ఇది నేత బట్ట కాదు. అతి బలమైన పాలిఎథిలీన్ పోగులను రెండు పలుచని పాలియెస్టర్ పొరల మధ్య పరిచి అతికిస్తారు. దీని పుట్టుక పందెపు పడవల తెరచాపల దగ్గర ఉంది. గాలికి సాగని తెరచాప కోసం తయారైన సరుకు కాబట్టే ఇది గుడారంలోనూ సాగదు, నీటిని పీల్చదు. గుడారాలకు వాడే పలుచని రకం చదరపు మీటరుకు 20 గ్రాముల లోపే తూగుతుంది. లోపాలూ ఉన్నాయి. మడిచినప్పుడు నైలాన్ కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, రాపిడికీ గుచ్చుకోవడానికీ లొంగుతుంది, దీనితో చేసిన గుడారం ఖరీదు సుమారు ఆరేడు వందల డాలర్లు ఉంటుంది. పైగా ఇందులో తేలికైన గుడారాలు ఎక్కువగా ఒంటిపొరవే. ఏడాదిలో నెలల తరబడి నడిచేవారికి తగినదే గానీ, ఏడాదికి పది రాత్రులు గడిపేవారు ఆ డబ్బును మంచి మ్యాటు మీద, స్లీపింగ్ బ్యాగ్ మీద పెడితే ఎక్కువ సుఖపడతారని నా అభిప్రాయం.

నీటి నిరోధాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. 1,500 అంటే బట్ట మీద 1,500 మిల్లీమీటర్ల నీటి స్తంభం నిలిపినా నీరు ఇవతలికి రాదని అర్థం. ఫ్లైకి ఆ మాత్రం చాలు. మోకాలు ఆనించినప్పుడు ఒత్తిడి పడే అడుగు భాగానికి మాత్రం అంతకన్నా ఎక్కువ ఉండాలి.

బట్ట గురించి కోస్తా జిల్లాలవారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. చాలా గుడారాలకు లోపలి వైపు పాలీయూరిథేన్ పూత ఉంటుంది. దాని మీద టేపు అంటుకుంటుంది కాబట్టి కుట్లను కర్మాగారంలోనే మూసేస్తారు, అది సౌకర్యం. అయితే ఆ పూతలోని ఒక రకం వేడిలో, తేమలో ఏళ్ల తరబడి ఉంటే నీటి ఆవిరితో చర్య జరిగి విరిగిపోతుంది. విశాఖలోనో కాకినాడలోనో అటక మీద మూడు నాలుగేళ్లు చుట్ట చుట్టి ఉంచిన గుడారం విప్పితే జిగటగా, పుల్లని వాసనతో రావడానికి కారణం ఇదే. పాలీఈథర్ రకం పూత దీన్ని బాగా తట్టుకుంటుంది. రెండు వైపులా సిలికానే ఉంటే ఈ బెడదే లేదు, కానీ సిలికాన్‌కు టేపు అంటదు కాబట్టి కుట్లకు సీలెంట్ పూశారో లేదో తప్పక అడగాలి. పూయకపోతే సిలికాన్ సీలెంట్ గొట్టం, చిన్న కుంచె, ఒక ఆదివారం సరిపోతాయి.

కర్రలు, మేకులు

తనంతట తాను నిలబడే గుడారానికి అల్యూమినియం కడ్డీలు కావాలి. బిగ్ ఆగ్నెస్ కాపర్ స్పర్ ఈ తరహాది. ఒకరి నమూనా కిలోకు అటూ ఇటూ తూగుతుంది. రాతి నేల మీద, చెక్క వేదికల మీద వేయడానికి ఇదే తేలిక. రెండో తరహా గుడారాలు మీరు చేతిలో పట్టుకు నడిచే ట్రెకింగ్ పోల్స్‌నే స్తంభాలుగా వాడుకుంటాయి. కెనడాకు చెందిన డ్యాన్ డర్‌స్టన్ రూపొందించిన ఎక్స్‌-మిడ్ 2018లో వచ్చి బాగా పేరు తెచ్చుకుంది. అది రెండు కర్రల మీద నిలుస్తుంది, దీర్ఘచతురస్రపు ఫ్లై, సిల్‌పాలీ బట్ట, రెండు పొరలు. మేకులు కాక సుమారు 800 గ్రాములు. సిక్స్ మూన్ డిజైన్స్ వారి లూనార్ సోలో ఒకే కర్ర మీద నిలిచే ఒంటిపొర గుడారం, సుమారు 740 గ్రాములు. జీప్యాక్స్ ప్లెక్స్ సోలో డీసీఎఫ్‌తో చేసిన ఒంటిపొర గుడారం, సుమారు 400 గ్రాములు. ఈ పేర్లు ఒక్కో తరహాకు నమూనాలుగా చెప్పినవే, వీటినే కొనాలని కాదు.

మీకు కర్రలతో నడిచే అలవాటు లేకపోతే, విడిగా కొనవలసిన కడ్డీల బరువును ఈ అంకెలకు కలుపుకోవాలి. కర్ర ఎంత పొడవుకు తెరుచుకుంటుందో, గుడారానికి ఎంత పొడవు కావాలో సరిచూసుకోవాలి. విమానంలో వెళ్లేవారు కర్రలనూ మేకులనూ చెక్-ఇన్ సామానులోనే వేయాలి. చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీ దగ్గర వదులుకోవలసి వస్తుంది, అవి లేని గుడారం ఆ రాత్రికి వట్టి గుడ్డ.

మేకుల దగ్గర పొదుపు చేయవద్దు. వంపు తిరిగిన సన్నని టైటానియం మేకు ఆరేడు గ్రాములే గానీ ఇసుకలో, తడి మట్టిలో పట్టు వదిలేస్తుంది. వై ఆకారపు అల్యూమినియం మేకులు ఒక్కొక్కటి 10 నుంచి 14 గ్రాములు. గాలి బలమంతా మోసే ప్రధాన మూలలకు ఇవే ఉండాలి. కర్రల మీద నిలిచే గుడారంలో ఒక మూల మేకు ఊడితే గుడారమంతా కూలుతుంది. మేకు దిగని చోట, తాడు చివరి ముడిలో అడ్డంగా ఒక చిన్న పుల్లను గానీ రాయిని గానీ ఇరికించి నేల మీద పెట్టి, దానికి గుడారం వైపున తాడు మీద పెద్ద బండ ఎక్కించాలి. తాడు లాగినప్పుడు చిన్న రాయి పెద్ద బండకు వెనక నుంచి ఆనుకుని ఆగిపోతుంది. ఇందుకోసం ప్రతి మూలకూ మీటరు చొప్పున అదనపు తాడు తీసుకువెళ్లండి.

మీ కొలతలు

వివరాల పట్టికలో రాసిన పొడవు నేల మీది పొడవు. గోడలు ఏటవాలుగా ఉండటం వల్ల మీరు పడుకునే ఎత్తులో ఆ పొడవు ఉండదు. ఇంట్లో మ్యాటు వేసుకుని, స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి వెల్లకిలా పడుకుని, కాలివేళ్ల దగ్గర బ్యాగ్ నేల నుంచి ఎంత ఎత్తుకు లేస్తుందో ఎవరితోనైనా కొలిపించుకోండి. నాకు అది 38 సెంటీమీటర్లు వచ్చింది. ఆ ఎత్తులో కూడా గోడ పాదాలకు తగలకూడదు. అందుకని మీ ఎత్తుకు కనీసం 40 సెంటీమీటర్లు కలిపి, అంత పొడవైన అడుగు ఉన్న గుడారం చూడండి. గోడలు బాగా ఏటవాలైతే ఇంకా ఎక్కువ కావాలి.

కూర్చునే ఎత్తు కూడా అంతే ముఖ్యం. 170 సెంటీమీటర్ల మనిషికి కూర్చున్నప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా సుమారు 88 సెంటీమీటర్లు ఉంటుంది. గాలి మ్యాటు మందం ఏడు కలిపితే 95. కాస్త వెసులుబాటుతో 105 సెంటీమీటర్ల శిఖరం ఉంటే తల వంచకుండా చొక్కా మార్చుకోవచ్చు. అయితే ఆ శిఖరం మీరు కూర్చునే చోటికి పైనే ఉందా, కాళ్లకు పైన ఉందా అన్నది బొమ్మలో గమనించండి. వాన ఆగకుండా కురిసిన మధ్యాహ్నం ఐదారు గంటలు లోపలే గడపవలసి వచ్చినప్పుడు ఈ పది సెంటీమీటర్ల విలువ తెలుస్తుంది. బూట్లు, తడిసిన బ్యాగు పెట్టుకోవడానికి తలుపు ముందు వసారా ఉండాలి. స్టవ్ వెలిగించవలసి వస్తే వసారాను పూర్తిగా తెరిచి ఉంచాలి.

తూకం, పరీక్ష, నిల్వ

ఇప్పుడు బరువు చూడవచ్చు. కంపెనీలు కనీస బరువు అని రాసేదానిలో తరచుగా మేకులు, తాళ్లు, సంచి ఉండవు. ఎనిమిది మేకులు, తాళ్లు, సంచి కలిస్తే 150 గ్రాములు పెరగవచ్చు. అడుగున పరిచే పట్టా వేసుకుంటే ఇంకో 50 నుంచి 100. రెండు గుడారాలను పోల్చేటప్పుడు ఈ మొత్తాన్నే పోల్చండి. ఇంటికి వచ్చాక వంటింటి త్రాసు మీద ఒక్కో భాగాన్నీ తూచి రాసి పెట్టుకోండి.

హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లోని డెకాథ్లాన్ దుకాణాల్లో కొన్ని గుడారాలను కళ్లారా చూడవచ్చు. తేలికపాటివి చాలావరకు విదేశాల నుంచి తెప్పించుకోవలసినవే. సుంకం, రవాణా కలిస్తే ధర బాగా పెరుగుతుంది కాబట్టి, సెలవులకు వచ్చే అమెరికా బంధువుల చేత తెప్పించుకునేవారు ఎక్కువ. అలా తెప్పించుకుంటే సరిపోకపోయినా తిరిగి పంపలేరు. పైన చెప్పిన కొలతలన్నీ ఆర్డరుకు ముందే తేల్చుకోవాలి.

కొన్న వారంలోనే మేడ మీద వేసి చూడండి. సిమెంటు నేలలో మేకు దిగదు కనుక మూలలను నీటి క్యాన్లకు కట్టండి. తోట గొట్టంతో అరగంట పాటు అన్ని వైపులా నీళ్లు కొట్టి, లోపల పాత వార్తాపత్రికలు పరిచి ఉంచితే ఏ కుట్టు కారుతుందో మరకే చూపిస్తుంది. తరువాత అందులో ఒక రాత్రి పడుకోండి. టార్చి ఆర్పేసి చీకట్లో వేయడం, విప్పడం కూడా రెండు సార్లు చేయండి.

బయట వేసేటప్పుడు చోటు ఎంపిక సగం పని చేస్తుంది. ఏటి ఒడ్డు, లోయ అడుగు, పచ్చిక పల్లం చల్లగాలీ తేమా చేరే చోట్లు. అక్కడి నుంచి పది ఇరవై మీటర్లు పైకి ఎక్కి, చెట్ల కొమ్మల నీడలో వేస్తే ఆకాశానికి పోయే వేడి తగ్గి బట్ట మీద తడి తగ్గుతుంది. ఎండుకొమ్మలు పైన లేవని మాత్రం చూసుకోవాలి. ఎక్కడ వేయడానికి అనుమతి ఉందో కూడా ముందే తెలుసుకోండి. ఉత్తరాఖండ్‌లో బుగ్యాళ్లనే ఎత్తైన పచ్చిక మైదానాల్లో రాత్రి బసను అక్కడి హైకోర్టు 2018లో నిషేధించింది. మన నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా గుడారం వేయకూడదు.

ఇంటికి తిరిగి వచ్చిన రోజే, ఎంత అలసటగా ఉన్నా, గుడారాన్ని నీడలో దండెం మీద ఆరవేయండి. జిప్పుల్లో ఇసుక ఉంటే మెత్తని బ్రష్షుతో దులపండి. సన్నని గుడారాల్లో బట్టకన్నా ముందు జిప్పే పాడవుతుంది. పూర్తిగా ఆరాక, దానితో వచ్చిన ఇరుకు సంచిలో కుక్కకుండా, పాత దిండు గలీబులో వదులుగా పెట్టి, అటక మీద కాక గాలి ఆడే బీరువాలో ఉంచండి. కోస్తాలో ఉన్నవారు వానాకాలం నడుమ ఒకసారి బయటికి తీసి ఆరవేసి, కుట్ల దగ్గర వేలితో రాసి జిగట వస్తోందేమో చూడాలి.